‘హెవెన్స్ ప్రిజనర్స్’: భార్యను చంపినవాళ్ళను పట్టుకోవడానికి భర్తకే డెప్యూటీ ఉద్యోగమా?

పాతపేజీ:
డేవ్ రోబిషో పాత్రతో జేమ్స్ లీ బర్క్ రాసిన నవలల్లో రెండోదైన ‘హెవెన్స్ ప్రిజనర్స్’ (1988) గురించి నాకొక సందేహం చాలాకాలంగా ఉండిపోయింది. చదవనివారి కోసం, చర్చకు ఎంత అవసరమో అంత కథ మాత్రమే చెబుతాను. వియత్నాంలో లెఫ్టినెంటుగా పనిచేసి గాయపడి తిరిగివచ్చి, న్యూ ఆర్లియన్స్ పోలీసు శాఖలో హత్య కేసులు చూస్తూ ఏళ్ళు గడిపి, తాగుడు వల్ల మొదటి సంసారాన్ని పోగొట్టుకుని, చివరికి ఆ ఉద్యోగం కూడా వదిలేసిన మనిషి డేవ్. ఈ నవల మొదలయ్యేసరికి అతను మందు మానేసి, భార్య ఆనీతో కలిసి, అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో తాను పుట్టిపెరిగిన న్యూ ఐబీరియా అనే చిన్న ఊరి దగ్గర నీటి ఒడ్డున చేపల ఎరలు అమ్ముకుంటూ, పడవలు అద్దెకిచ్చుకుంటూ బతుకుతుంటాడు. ఒకరోజు వాళ్ళ కళ్ళెదుటే ఒక చిన్న విమానం నీళ్ళలో కూలుతుంది. డేవ్ దూకి, ఎల్ సాల్వడార్ నుంచి వస్తున్న ఒక చిన్నపిల్లను బతికించి పైకి తెస్తాడు. మునిగిన విమానంలో తాను చూసిన శవాల లెక్కకూ, అధికారులు బయటికి చెప్పిన లెక్కకూ ఒకటి తేడా వస్తుంది. అక్కణ్ణుంచి అతను అడగకూడని ప్రశ్నలు అడుగుతూ పోతాడు, దానికి ప్రతిగా ఆనీని చంపేస్తారు. ఆ తర్వాత డేవ్ ఆ ప్రాంతపు పోలీసు అధిపతి అయిన షెరీఫ్ దగ్గరికి వెళ్ళి అతని కింద డెప్యూటీగా ఉద్యోగం అడుగుతాడు, షెరీఫ్ ఇస్తాడు.

నా సందేహం ఇక్కడే. పగతో రగులుతున్న మనిషికి, అందులోనూ మళ్ళీ మందు ముట్టిన మనిషికి, బ్యాడ్జీ, తుపాకీ ఇచ్చి అదే కేసులో తిరగనివ్వడం కథ నడవడానికి రచయిత చేసిన సర్దుబాటా, లేక ఆ ప్రాంతంలో నిజంగా జరగగలిగిందేనా? రెండోదే అయితే, నవల దాన్ని సమర్థిస్తోందా, ప్రశ్నిస్తోందా?

నిర్వాహకులు:
ఆనీ మరణం గురించి మాట్లాడకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం కనుక దానికి అనుమతి ఉంది. ఆ హత్య వెనుక ఎవరున్నారన్నది మాత్రం దయచేసి ఎవరూ రాయవద్దు.

కృష్ణలంక:
నాకైతే సర్దుబాటుగానే తోచింది. మన దగ్గర ఒక ఎస్సై ఇంట్లో హత్య జరిగితే ఆ కేసును అతని చేతికి ఇవ్వడం అలా ఉంచి, అతను ఆ స్టేషన్ పరిధిలో ఉండడమే కష్టమవుతుంది. పై అధికారులు కేసును మరొకరికి అప్పగిస్తారు, అలా చేయకపోతే మర్నాటి పత్రికలే అడుగుతాయి. ఇక్కడ అప్పటికి ఉద్యోగంలోనే లేని మనిషిని పిలిచి మరీ చేర్చుకున్నారు. పరిశోధనను మెట్టుమెట్టుగా, కాగితం వెంట కాగితంగా చూపించే నవలలు ఇష్టపడే పాఠకుడిగా నాకు ఆ అధ్యాయం గొంతు దిగలేదు. బర్క్ వాక్యానికి నేనూ దాసుణ్ణే. వాన పడే ముందు చెరకుతోటల మీద కమ్మే వెలుతురును ఆయన రాసినట్టు రాయగలిగినవాళ్ళు తక్కువ. కానీ వర్ణన బాగుందని తర్కానికి మార్కులు వేయలేం కదా.

బయూ_వాసి:
నేను లఫాయెట్‌లో ఉంటాను. న్యూ ఐబీరియా ఇక్కడికి కారులో అరగంట లోపే. కృష్ణలంక గారు ఎస్సైతో పోల్చడం సహజమే గానీ, ఆ పోలికలోనే చిక్కు ఉంది. మన ఎస్సైని నియామక మండలి పరీక్ష పెట్టి ఎంపిక చేస్తుంది, అతనిపైన సర్కిల్, డీఎస్పీ, ఎస్పీ అంటూ రాష్ట్ర ప్రభుత్వం దాకా ఒక నిచ్చెన ఉంటుంది. లూసియానాలో 64 పారిష్‌లున్నాయి. మిగతా అమెరికాలో కౌంటీ అనేదాన్నే ఇక్కడ పారిష్ అంటారు. ప్రతి పారిష్‌కూ ఓట్లతో గెలిచిన షెరీఫ్ ఉంటాడు. నాలుగేళ్ళకొకసారి ఎన్నిక. 1974 నాటి రాష్ట్ర రాజ్యాంగం అతన్ని ఆ పారిష్‌లో శాంతిభద్రతల ప్రధానాధికారిగానే కాక ఆస్తిపన్ను వసూలు చేసే అధికారిగా కూడా నిలబెట్టింది. అతన్ని నియమించేది ఓటరు, తీసేసేదీ దాదాపుగా ఓటరే.

డెప్యూటీలంటే ఆ షెరీఫ్ నియమించుకునే మనుషులు. వాళ్ళ అధికారం అతని అధికారంలోంచి వచ్చేదే. షెరీఫ్ మారితే కొత్తవాడు తనకు నచ్చినవాళ్ళను తెచ్చుకోవడం ఇక్కడ వింతేమీ కాదు. ఇప్పుడు ఈ నవలలోని షెరీఫ్ ఎవరో గుర్తు తెచ్చుకోండి. ఎన్నికలో గెలవకముందు బట్టలు డ్రైక్లీనింగ్ చేసే వ్యాపారం నడుపుకున్న మనిషి. మర్యాదస్తుడు, ఊళ్ళో మంచిపేరున్నవాడు, కానీ హత్య కేసు పరిశోధన తెలిసినవాడు కాడు. న్యూ ఆర్లియన్స్‌లో హత్య కేసులు తేల్చిన అనుభవమున్నవాడు, అదీ సొంత ఊరివాడు, తన గుమ్మంలోకి వచ్చి ఉద్యోగం అడిగితే అలాంటి షెరీఫ్‌కు అది భయమూ కలిగిస్తుంది, ఊరటా కలిగిస్తుంది. ఆ రెండూ కలిసిన నిర్ణయమే అది. కనుక అసాధ్యమైనదేదీ బర్క్ రాయలేదు. ఆయన ఈ ప్రాంతాన్ని బయటినుంచి చూసి రాసినవాడు కూడా కాదు. పుట్టింది హ్యూస్టన్‌లో అయినా ఈ గల్ఫ్ తీరంలోనే పెరిగి, మా ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదువుకున్నాడు.

వకీలు_వరంగల్:
బయూ_వాసి గారు చెప్పిన నిర్మాణం నిజమే. అయితే చేయగలిగిన పనికీ, చేయదగిన పనికీ తేడా ఉంది. నేను ప్రతివాది తరఫు న్యాయవాదినై ఉంటే ఈ కేసులో డేవ్ సేకరించిన ఏ ఒక్క విషయాన్నీ తేలిగ్గా పోనివ్వను. ‘మీరు హతురాలి భర్త కదా? ఈ వ్యక్తిని ప్రశ్నించడానికి వెళ్ళినప్పుడు మీ వెంట ఎవరున్నారు? ఆ వారంలో మీరు మందు తాగారా?’ అనే మూడు ప్రశ్నలతోనే జ్యూరీ మనసులో అనుమానం నాటవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 1961లో ఇచ్చిన మాప్ తీర్పు తర్వాత అక్రమ సోదాల్లో దొరికిన సాక్ష్యం రాష్ట్ర న్యాయస్థానాల్లో కూడా చెల్లదు. 1966 నాటి మిరాండా తీర్పు తర్వాత నిర్బంధంలో ఉన్నవాణ్ణి హక్కులు చెప్పకుండా ప్రశ్నించి రాబట్టిన మాటలను ప్రాసిక్యూషన్ తన వాదనకు ఆధారం చేసుకోలేదు. పోలీసు ఉద్యోగంలో అన్నేళ్ళున్న డేవ్‌కు ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా ఆ గీతలు దాటుతూ ఉంటాడంటే, అతను ఈ కేసును కోర్టు దాకా తీసుకువెళ్ళే ఉద్దేశంతో బ్యాడ్జీ తీసుకోలేదని అర్థం. నాకు నవలలో అన్నిటికన్నా భయం గొలిపిన విషయం అదే. రచయిత దాన్ని ఎక్కడా వాచ్యం చేయకపోవడం ఆయన గొప్పతనం.

మాజీ_హవల్దారు:
నమస్కారం. నాది గిద్దలూరు వైపు. సైన్యంలో పూర్తికాలం సర్వీసు చేసి వచ్చి ఇప్పుడు ఒక బ్యాంకులో గార్డుగా ఉన్నాను. ఇంగ్లీషు నవలలు నెమ్మదిగా చదువుతాను, ఈ వరుసలో నాలుగు చదివాను.

మీరంతా షెరీఫ్ ఎందుకిచ్చాడని అడుగుతున్నారు. డేవ్ ఎందుకు అడిగాడన్నది నాకు ముఖ్యమనిపించింది. పగ తీర్చుకోవడానికి బ్యాడ్జీ అక్కర్లేదు. ఆ ప్రాంతంలో తుపాకీ దొరకడం కష్టం కాదు, గురి చూడడం అతనికి వచ్చు, ఎవరి వెంట పడాలో కొంత తెలుసు. అయినా వెళ్ళి ఒకరి కింద ఉద్యోగం అడిగాడు. ఫౌజులో కోపానికి కూడా ఒక వరుస ఉంటుంది. పైనుంచి హుకుం వస్తేనే కాలుస్తాం, ఆపమంటే ఆపుతాం. ఆ వరుసలో ఉన్నంతకాలం మనిషి తన చేతుల్ని తాను నమ్మగలుగుతాడు. ఇంటికి వచ్చాక ఆ హుకుం ఇచ్చేవాడు ఉండడు, అప్పుడు రాత్రిళ్ళు పొడుగవుతాయి. ఆనీని చంపిన రాత్రి డేవ్ మంచం మీద లేడు. ఉండి ఉంటే తానూ పోయేవాడు, లేకపోవడం వల్ల ఆమె ఒక్కతే పోయింది. దాన్ని మోయలేక సీసా దగ్గరికి వెళ్ళాడు, అది సరిపోలేదు. అందుకని తన పైన ఒక అధికారి ఉండే చోటికి వెళ్ళాడు. తనను ఎవరైనా ఆపగలిగే చోటికి వెళ్ళాడని నేను చదువుకున్నాను.

ఆపగలిగినవాడు ఆ డ్రైక్లీనింగ్ షెరీఫ్ కాకపోవడం అతని దురదృష్టం. మా సుబేదారు సాబు అయితే సెలవు మీద పంపి, ఆయుధం జమ చేయించేవారు.

కృష్ణలంక:
హవల్దారు గారూ, మీ వ్యాఖ్య చదివాక నా అభ్యంతరం కొంత మెత్తబడిన మాట నిజం. మెత్తబడింది గానీ పోలేదు. ఆపగలిగేవాడి కోసమే వెళ్ళినవాడైతే, ఆ షెరీఫ్ వద్దన్న చోటికల్లా ఎందుకు వెళతాడు?

మాజీ_హవల్దారు:
రెండూ ఒకే మనిషిలో ఉంటాయండి.

మనోవైద్య_విశాఖ:
ఈ చర్చలో ఒక జాగ్రత్త అవసరమనిపించి రాస్తున్నాను. ‘యుద్ధం అతన్ని హింసావాదిగా మార్చింది’ అనే సులువైన వివరణ ఇటువంటి నవలల వెనుక అట్టల మీద తరచుగా కనిపిస్తుంది. భయానక అనుభవాల తర్వాత మనసును వదలకుండా వేధించే, పీటీఎస్‌డీ అని మనం పిలిచే రుగ్మతను అమెరికన్ మనోవైద్యులు తమ అధికారిక నిర్ధారణ గ్రంథంలో చేర్చుకున్నది 1980లో. అందుకు వియత్నాం నుంచి వచ్చినవాళ్ళ ఒత్తిడి ఒక ప్రధాన కారణం. అక్కడి చట్టసభ అయిన కాంగ్రెసు ఆదేశంతో జరిగిన పెద్ద అధ్యయనం తన నివేదిక ఇచ్చింది 1988లో, అంటే ఈ నవల వెలువడిన ఏడాదే. వియత్నాంలో పనిచేసిన పురుషుల్లో సుమారు 15 శాతం మందికి అధ్యయనం నాటికి ఆ రుగ్మత ఉందనీ, సుమారు 30 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఉండి ఉంటుందనీ అది తేల్చింది. యుద్ధం ముగిసి పుష్కరం దాటినా తగ్గనివాళ్ళు అంతమంది ఉన్నారు. అలాగే, ఎన్నడూ రానివాళ్ళు అంతకన్నా చాలా ఎక్కువమంది ఉన్నారు. వచ్చినవాళ్ళలో కూడా అత్యధికులు ఎవరినీ కొట్టరు, చంపరు.

బర్క్ ఈ తేడా తెలిసి రాశాడని నా అభిప్రాయం. డేవ్‌కు పీడకలలు వస్తాయి, నిద్ర ఉండదు, వాన చప్పుడు అతన్ని మరో దేశంలోకి తీసుకుపోతుంది. ఇవన్నీ గాయపు లక్షణాలే. కానీ ఎదుటివాణ్ణి ఎముకలు విరిగేలా కొట్టే ఘట్టాల్లో రచయిత యుద్ధాన్ని సాకుగా తీసుకురాడు. అక్కడ డేవ్ తన కోపాన్ని తానే, సంతోషంతో సహా, ఒప్పుకుంటాడు. చాలామంది రచయితలు ఈ రెండింటినీ ఒకే ముద్దగా కలిపేస్తారు. ఇక మందు విషయానికి వస్తే, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలను ఇంత చులకన లేకుండా, ఇంత పూజాభావం లేకుండా రాసిన నేర నవలలు నేను ఎక్కువ చదవలేదు. భార్య చనిపోయాక అతను మళ్ళీ తాగడం పతనంలా గాని, కథకు మలుపులా గాని కాకుండా, రోగం తిరగబెట్టడంలా కనిపిస్తుంది.

చీకటివెన్నెల:
ఇంతమంది ఇంత వివరంగా రాశారు గానీ, ఆనీ గురించి చనిపోయింది అన్న మాట తప్ప ఎవరూ ఏమీ రాయలేదని గమనించారా? భర్త బ్యాడ్జీ అందుకోవడానికి భార్య శవం మెట్టుగా మారడం నేర నవలల్లో అరిగిపోయిన పద్ధతి. పురుషుడి దుఃఖానికి లోతు తేవడానికి స్త్రీని చంపేసి, ఆ తర్వాత ఆ దుఃఖాన్ని వందల పేజీలు వర్ణిస్తారు, ఆమె ఎవరో మాత్రం మనకు గుర్తుండదు. ఈ నవల మీద నాకున్న మొదటి కోపం అదే.

అయితే రెండోసారి చదివినప్పుడు నా చూపు ఒక వివరం దగ్గర ఆగింది. ఆనీ కాన్సస్‌లో మెనొనైట్ కుటుంబంలో పుట్టినది. మెనొనైట్‌లు యుద్ధాన్ని, ప్రతీకారాన్ని మతవిశ్వాసంగా నిరాకరించే క్రైస్తవులు. సైన్యంలో చేరడానికి కూడా ఒప్పుకోని సంప్రదాయం వాళ్ళది. అలాంటి ఇంటి ఆడపిల్ల పేరు మీద ఒక మాజీ సైనికుడు తుపాకీ అందుకున్నాడు. ఆమె బతికి ఉంటే వద్దనేది. చనిపోయినందువల్లనే ఆమె మాట చెల్లలేదు. ఈ వైరుధ్యాన్ని రచయిత కావాలనే పెట్టాడని నమ్ముతున్నాను, ఎందుకంటే ఆమె పుట్టిల్లు కాన్సస్ కాక మరెక్కడైనా, మరే మతమైనా కథ ఆగేది కాదు. పాతపేజీ గారు అడిగిన రెండో ప్రశ్నకు నా సమాధానం కూడా ఇదే: ఆనీని గుర్తు పెట్టుకుని చదివితే నవల డేవ్‌ను ప్రశ్నిస్తోంది, ఆమెను మరిచిపోయి చదివితే సమర్థిస్తున్నట్టే ఉంటుంది. తన నవలను ఇలా పాఠకుడి జ్ఞాపకశక్తి మీద వదిలేయడం రచయిత చేసిన సాహసమా, బాధ్యత తప్పించుకోవడమా అన్నది నేను తేల్చుకోలేదు.

పాతపేజీ:
చీకటివెన్నెల గారి వ్యాఖ్య నేను మొదట వేసిన ప్రశ్ననే మార్చేసింది. మరో సంగతి కలుపుతాను. ఆనీ బతికి ఉండగానే ఆ దంపతులు చట్టాన్ని ఒకసారి దాటేశారు. విమానంలోంచి తెచ్చిన పిల్లను అధికారులకు అప్పగిస్తే ఎల్ సాల్వడార్‌కు తిప్పి పంపుతారు. అక్కడ 1980 నుంచి అంతర్యుద్ధం నడుస్తోంది, అది ఆగింది 1992లో. అక్కడి ప్రభుత్వానికి డబ్బూ ఆయుధాలూ ఇస్తున్నది అమెరికాయే. పల్లెల్లో సైన్యం ఏం చేస్తుందో వియత్నాం చూసివచ్చిన డేవ్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకని పిల్లను దాచేసి, తన తల్లి పేరు పెట్టుకుని, పెంచుకుంటాడు. పిల్ల పేరు ఆలఫేర్. రచయిత కూతురి పేరు కూడా అదే, ఆమె తర్వాత న్యాయశాస్త్ర అధ్యాపకురాలూ నేర నవలా రచయిత్రీ అయింది.

కాబట్టి డేవ్ బ్యాడ్జీ పెట్టుకుని చట్టం దాటడం కొత్తగా మొదలైన అలవాటు కాదు. ముందు దయతో దాటాడు, తర్వాత పగతో దాటాడు. మొదటిదానికి మనమందరం తల ఊపాం, నేనూ ఊపాను. ఇప్పుడు వెనక్కి చూస్తే అక్కడే మనల్ని రచయిత తనవైపు కట్టేసుకున్నాడనిపిస్తోంది. ఒకసారి ‘ఇతనికి చట్టం కన్నా మంచిచెడ్డలు బాగా తెలుసు’ అని ఒప్పుకున్న పాఠకుడు రెండోసారి కాదనడానికి చాలా ఇబ్బంది పడతాడు.

వకీలు_వరంగల్:
ఇంకొక చిన్న విషయం. ‘అక్కడి కోర్టులు బలహీనం కాబట్టి అతను అలా చేయక తప్పలేదు’ అని ఈ నవలను సమర్థించేవారు అంటుంటారు. ఆ రోజుల లూసియానా విషయంలో ఆ వాదన నిలవదు. పెద్ద నేరాల్లో చాలావాటికి పన్నెండు మంది జ్యూరర్లలో పదిమంది ఒప్పుకుంటే చాలు, శిక్ష పడేది. 2018లో ఓటర్లు దాన్ని మార్చారు, 2020లో సుప్రీంకోర్టు అలాంటి తీర్పులు చెల్లవని చెప్పింది. 1988లో ముద్దాయికి అదొక కఠినమైన రాష్ట్రం. చట్టానికి పళ్ళు లేక డేవ్ సొంతంగా బయలుదేరలేదు.

బయూ_వాసి:
సరిగ్గా చెప్పారు. అయితే ఆ పళ్ళు ఎవరిని కరిచేవన్నది వేరే సంగతి. పదిమంది చాలన్న ఆ నియమానికి మూలం 1898 నాటి రాజ్యాంగ సమావేశంలో ఉంది. నల్లజాతి జ్యూరర్ల మాట చెల్లకుండా చేయడం ఆనాటి ఉద్దేశమని ఇప్పుడు న్యాయస్థానాలే రాస్తున్నాయి.

న్యూ ఐబీరియాలో ‘షెరీఫ్ డెప్యూటీ’ అన్న మాట అందరి చెవిలో ఒకేలా పడదు. 1944 మే నెలలో ఆ ఊళ్ళో నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఏఏసీపీ సంస్థ శాఖను నడుపుతున్న నల్లజాతి పెద్దలను, వాళ్ళతోపాటు వైద్యులను, షెరీఫ్ డెప్యూటీలు పట్టుకుని కొట్టి ఊరినుంచి వెళ్ళగొట్టారు. అది చరిత్రలో నమోదైన సంఘటన. అంత వెనక్కి పోనక్కర్లేదనుకుంటే, జైల్లో ఖైదీలను కొట్టిన కేసుల్లో అదే పారిష్‌కు చెందిన పలువురు డెప్యూటీలు 2016లో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. కంచే చేను మేసిన చరిత్ర ఉన్న చోట ఒక మంచి డెప్యూటీ కథ రాయడం మామూలు విషయం కాదు.

‘హెవెన్స్ ప్రిజనర్స్’లో ఈ నీడ పెద్దగా కనిపించదు, అది దాని లోపమనే నా అభిప్రాయం. డేవ్ దగ్గర పనిచేసే బటీస్ట్ అనే నల్లజాతి మనిషి విశ్వాసపాత్రుడుగా, ఓర్పుగలవాడుగా ఉంటాడు తప్ప అతని మనసులో షెరీఫ్ ఆఫీసు గురించి ఏముందో మనకు తెలియదు. తన యజమాని డెప్యూటీ అయిన రోజున అతనేమనుకున్నాడో తెలుసుకోవాలని నాకు చాలా కుతూహలం. ఐదేళ్ళ తర్వాత వచ్చిన ‘ఇన్ ది ఎలెక్ట్రిక్ మిస్ట్ విత్ కాన్ఫెడరేట్ డెడ్’ (1993)లో బర్క్ ఆ బాకీ కొంత తీర్చాడు. అందులో 1957లో ఒక నల్లజాతి మనిషిని చంపడం డేవ్ కుర్రవాడుగా ఉండగా కళ్ళారా చూసి ఉంటాడు. దశాబ్దాల తర్వాత ఆ ఎముకలు చిత్తడినేలలో బయటపడతాయి. అప్పటికి అదే షెరీఫ్ కార్యాలయంలో డిటెక్టివ్‌గా ఉన్న డేవ్ ఆ విషయాన్ని తవ్వాల్సి వస్తుంది.

కృష్ణలంక:
ఇంత తెలుసుకున్నాక నా మొదటి అభ్యంతరాన్ని మార్చి చెబుతాను. ఉద్యోగం ఇవ్వడం నమ్మదగినదే. నమ్మశక్యం కానిది దాని పర్యవసానం. ఇన్ని గీతలు దాటినవాడు నవల తర్వాత నవలలో, ముప్ఫై ఏళ్ళకు పైగా, మధ్యలో వెళ్ళిపోతూ మళ్ళీ వస్తూ అదే కార్యాలయంలో ఎలా కొనసాగుతాడు? ఏదో ఒక షెరీఫ్ శాశ్వతంగా ఇంటికి పంపాలి, లేదా నేరాభియోగం మోపాలో వద్దో తేల్చే ఏదో ఒక గ్రాండ్ జ్యూరీ పిలవాలి.

మరొక మాట. మనం చిన్నప్పుడు చదివిన డిటెక్టివ్ నవలల్లో యుగంధర్ మద్రాసులో ఉండేవాడు, షాడో దేశాలు తిరిగేవాడు. ఊరు అనేది నేరం జరిగి, డిటెక్టివ్ వచ్చి, తేల్చి వెళ్ళిపోయే చోటు మాత్రమే. నేరస్థుడు, పోలీసు, హతుడు ఒకే బడిలో చదివి, ఒకే దుకాణంలో సరుకులు తెచ్చుకునే కథలు మనకు ఆ రోజుల్లో తక్కువ. ఈ నవలలో డేవ్ అనుమానించే బబ్బా రోక్ అతనికి చిన్ననాటి నుంచి తెలిసినవాడే. ఇద్దరూ అదే నీళ్ళ పక్కన, ఆ ప్రాంతపు యాస అయిన అదే కేజన్ ఫ్రెంచి వింటూ పెరిగారు. ప్రశ్నించడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ మధ్య నడిచే సంభాషణలో సగం పాత పరిచయం, సగం బెదిరింపు. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చిన భాగం అది. పెద్దనగరం డిటెక్టివ్‌కు ఆ అవకాశం ఉండదు.

మనోవైద్య_విశాఖ:
కృష్ణలంక గారి ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. ఈ నవలలన్నీ డేవ్ స్వయంగా చెప్పే కథలు. తాను చేసినవాటిని తీసివేయకుండా చెబుతాడు కనుక మనం అతన్ని నమ్ముతాం, కానీ ఆఫీసులో మిగతావాళ్ళు అతన్ని ఎలా చూస్తున్నారో అతని చూపులోంచే తెలుస్తుంది. మూడో మనిషి చెప్పి ఉంటే అతన్ని ఎన్నాళ్ళు భరించేవాళ్ళమో సందేహమే.

బయూ_వాసి:
మిగతా సగం ఊరి ఆర్థిక పరిస్థితిలో ఉందనుకుంటాను. 1986లో చమురు ధర పీపాకు సుమారు పది డాలర్లకు పడిపోయినప్పుడు ఈ తీరమంతా కుదేలైంది. బావుల మీద పనిచేసేవాళ్ళు, పడవలవాళ్ళు, వెల్డింగు షెడ్లవాళ్ళు ఒక్కసారిగా ఖాళీ అయ్యారు. డేవ్ తండ్రి కూడా సముద్రంలోని చమురు బావి పేలి చనిపోయినవాడే కదా. అటువంటి చోట డెప్యూటీ జీతానికి అనుభవమున్న హత్యా పరిశోధకుడు దొరకడమే అదృష్టం. అతని లోపాలను చూసీ చూడనట్టు పోయే షెరీఫ్ నాకు వింతగా అనిపించడు. పైగా అమెరికాలో పోలీసుల్లో సుమారు 19 శాతం మంది మాజీ సైనికులని 2017లో వచ్చిన లెక్క చెబుతోంది. ఆ సంస్కృతిలో డేవ్ ఒంటరివాడు కాడు.

కొత్తచదువరి:
చర్చ అంతా చదివాను, ఈ నవలలు ఇంతవరకు ఒక్కటీ చదవలేదు. విషయం తేలిపోయినా ఫర్వాలేదనుకుని చదవాలని నిశ్చయించుకున్నాను. నేరుగా ‘హెవెన్స్ ప్రిజనర్స్’తో మొదలుపెట్టవచ్చా? సినిమా ఉందని విన్నాను, ముందు అది చూస్తే సరిపోతుందా?

పాతపేజీ:
నేరుగా మొదలుపెట్టవచ్చు, కథ అర్థమవుతుంది. 1996లో వచ్చిన సినిమాలో అలెక్ బాల్డ్విన్ డేవ్‌గా నటించాడు. నీళ్ళు, వాన, చెట్లు బాగుంటాయి గానీ, మనం ఇక్కడ మాట్లాడుకున్న డెప్యూటీ ఉద్యోగపు మెలిక అందులో పలచబడింది. తెరమీద డేవ్‌ను చూడాలంటే బెర్ట్రాండ్ టావెర్నియే తీసిన ‘ఇన్ ది ఎలెక్ట్రిక్ మిస్ట్’ (2009) మేలు. టామీ లీ జోన్స్ ముఖంలో ఆ అలసట ఉంది.

చీకటివెన్నెల:
కొత్తచదువరి గారూ, పాతపేజీ గారితో ఈ ఒక్క విషయంలో నేను ఏకీభవించను. ముందు ‘ది నియాన్ రెయిన్’ (1987) చదవండి. డేవ్‌కు ఆనీ పరిచయమయ్యేది అందులోనే. ఆమె హింసను ఎంత దగ్గరినుంచి చూడవలసి వచ్చిందో, చూశాక కూడా అతనితో ఉండడానికి ఎందుకు ఒప్పుకుందో అక్కడ ఉంది. అది చదవకుండా రెండో నవలకు వెళితే ఆమె మరణం మీకు డేవ్ డెప్యూటీ కావడానికి కారణంగా మాత్రమే కనిపిస్తుంది.